ఫిల్‌గ్రాస్టిమ్ 300 మైక్రోగ్రాముల సూది: పన్నెండు రోజులు వేసిన అక్క మాట

లుకేమియా, అంటే తెల్లకణాల క్యాన్సర్, అదుపులోకి వచ్చాక (రెమిషన్) మా తమ్ముడికి సైటారబిన్ అనే కీమో మందు ఎక్కించి ఇంటికి పంపుతూ, 24 గంటలు దాటాక రోజుకొకటి చొప్పున తెల్లకణాలను పెంచే ఈ సూది వేయమన్నారు. పొట్ట మీద, చర్మం కింద. నర్సు ఒకసారి చూపించింది, రెండో రోజు నుంచి నేనే వేశాను. మందు నింపిన సిరంజే వస్తుంది కాబట్టి సీసాలోంచి లాగే బెడద లేదు. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టాలి. మొదటిసారి చల్లగానే పొడిచి వాడి చేత తిట్లు తిన్నాను.

ఆన్‌లైన్‌లో తెప్పించిన మొదటి పెట్టెలో ఐసు మొత్తం నీళ్లయిపోయింది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు! వెనక్కి పంపేసి, ఫ్లాస్కు పట్టుకుని వీధి చివరి మందుల షాపుకు నడిచాను. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2001లోనే గ్రాఫీల్ పేరుతో దీన్ని తెచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి, ధరలు మాత్రం ఒకలా లేవు. కొనే ముందు డాక్టరును అడగండి.

మా పెద్దమ్మ దీన్ని ‘బలం ఇంజెక్షన్’ అంటుంది, తనకూ ఒకటి వేయమంది. బలం సంగతి దేవుడెరుగు, నడుము ఎముకల్లో సుత్తితో కొడుతున్నట్టుందని వాడు రాత్రిళ్లు మూలిగేవాడు. ముందు జ్వరం చూసి, లేదనుకున్నాకే పారాసెటమాల్ ఇచ్చేదాన్ని.

నా భయం వేరు. తెల్లకణాల క్యాన్సర్‌కు తెల్లకణాలను పెంచే మందా? అగ్నికి ఆజ్యం కాదా? డాక్టరు విసుక్కోలేదు. లుకేమియా కణాలకూ ఈ మందు అతుక్కునే గ్రాహకాలుంటాయట, ఆ అనుమానం వైద్యులకూ ఉండేదట. రోగుల మీద జరిగిన పరీక్షల్లో మాత్రం జబ్బు తిరగబెట్టడం పెరగలేదు, ఆయుష్షు పెరిగినట్టూ తేలలేదు. తెల్లకణాల కౌంటు కొన్ని రోజులు ముందుగా లేస్తుంది, అంతే అన్నారు.

మాకు కావలసింది ఆ కొన్ని రోజులే. న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్లకణాలు) 90కి పడ్డాయి. 500 లోపు ఉంటే చిన్న జ్వరానికైనా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. పన్నెండో సూదికి 1,400. సంబరపడేలోపే అదే రిపోర్టులో ‘అపరిపక్వ కణాలు’ అన్న మాట కంటపడింది, జబ్బు తిరగబెట్టిందేమోనని ఇక ఆ రాత్రి నిద్ర లేదు. మందు తొందరపెడితే మూలుగ పచ్చి కణాలను కూడా బయటికి తోసేస్తుందని మర్నాడు తెలిసింది. ఈ సూది వాడుతున్నట్టు ల్యాబుకు చెప్పాలని మాకు ముందు ఎవరూ అనలేదు. మీరు చెప్పండి.

అయిదుకు నాలుగు నక్షత్రాలు. ఆ ఒక్కటీ వాడి నడుము కోసం కోశాను.