ఇంటికే వచ్చి విల్లు చేసిపెడతామనే వాళ్లకు డబ్బు కట్టకండి, మేం కట్టి నష్టపోయాం

నిన్న సాయంత్రం ఆ ఆఫీసు మెట్లు దిగి వచ్చాం. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇప్పుడు తెల్లవారుజామున ఐదవుతోంది. అమ్మ లేచేలోపు రాసేయాలని కూర్చున్నాను, వరస తప్పితే ఏమనుకోకండి.

ఆ కంపెనీ పేరు రాయడం లేదు. కంప్లైంట్ వేస్తున్నాం కాబట్టి ఇప్పుడే వద్దని లాయర్ గారు అన్నారు. కానీ మీలో చాలామంది ఆ యాడ్ చూసే ఉంటారు. తెల్లజుట్టు పెద్దాయన సోఫాలో కూర్చుని సంతకం పెడుతుంటాడు, పక్కన పిల్లలు నవ్వుతుంటారు, "మీ ఇంటికే వచ్చి వీలునామా, అన్నీ కలిపి 14,999" అని కింద వస్తుంది. వాళ్లే.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఖమ్మంలో 180 గజాల్లో ఇల్లు, పూర్తిగా ఆయన సొంత సంపాదన. మేం ముగ్గురం, నేను, చెల్లి, తమ్ముడు. ఇల్లు మొత్తం అమ్మ పేరు మీదికి రావాలి, తన తర్వాత అమ్మ ఎవరి ముందూ చెయ్యి చాచకూడదు, అదొక్కటే ఆయన కోరిక. మా ముగ్గురికీ ఇష్టమే. పోయిన ఏడాది మే నెలలో విల్లు చేయించాం. ఈ ఫిబ్రవరిలో నాన్న గుండెపోటుతో పోయారు.

అసలు ఆ మే నెలలో నాన్న నాతో ఏమన్నారో చెప్పాలి. "ఎందుకమ్మా ఇదంతా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్ చేత రాయించుకుంటాను, మా డిపోలో పనిచేసిన వాళ్లు ఇద్దరు సాక్షి సంతకం పెడతారు, పూటలో అయిపోతుంది" అన్నారు. నేనే వద్దన్నాను. "ఈ ఎండలో అక్కడ క్యూలో నిలబడతారా నాన్నా, వాళ్లే ఇంటికి వస్తారు, అన్నీ వాళ్లే చూసుకుంటారు" అన్నాను. హైదరాబాద్‌లో కూర్చుని నా ఫోన్‌లో నేనే బుక్ చేసి, నేనే డబ్బు కట్టాను. ఆయన చెప్పినట్టు చేసి ఉంటే ఈరోజు ఏ గొడవా లేదు. రాత్రంతా నన్ను తింటున్నది ఇదే.

వచ్చినవాడు టై కట్టుకున్న కుర్రాడు. మొదట నాన్నను భయపెట్టాడు. "విల్లు లేకపోతే మొత్తం కొడుక్కే పోతుంది సార్, మేడమ్‌కి రూపాయి రాదు" అన్నాడట. ఇది పచ్చి అబద్ధం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు విల్లు రాయకుండా పోతే ఆయన సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి బతికుంటే ఆమెకు కూడా సమాన వాటాలు. ఆ తల్లి వాటా సంగతే మా కొంప ముంచింది, తర్వాత చెప్తాను. నాన్నకు ఇవన్నీ తెలియవు. భయపడి, ముందే అచ్చు కొట్టి తెచ్చిన కాగితాల మీద వాడు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టారు. వంద రూపాయల స్టాంపు పేపరు ఒకటి, దాని వెనక నాలుగు తెల్ల కాగితాలు.

సాక్షుల గళ్లు ఖాళీగా ఉన్నాయి. అమ్మ అడిగింది కూడా, "పక్కింటి మాస్టారిని పిలవమంటారా" అని. "అక్కర్లేదమ్మా, సాక్షులు కూడా ప్యాకేజీలోనే ఉన్నారు, ఆఫీసులో పెట్టించి కొరియర్ చేస్తాం" అన్నాడు. పది రోజులకు కొరియర్ వచ్చింది. మెరిసే స్టిక్కరు, గుండ్రటి ఎర్ర సీలు, పైన "రిజిస్ట్రేషన్ నంబర్" అని పెద్ద అక్షరాల్లో ఒక నంబరు. నాన్న దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో బ్యాంకు పాస్‌బుక్కు పక్కన దాచారు. ఆరోజు ఫోన్ చేసి "పని అయిపోయింది తల్లీ, ఇక నాకు టెన్షన్ లేదు" అన్నారు.

పెద్దకర్మ అయ్యాక ఆ కవరు పట్టుకుని ఖమ్మం కోర్టు దగ్గర ఒక లాయర్ గారిని కలిశాం. ఆయన చివరి పేజీ తిప్పి అడిగిన మొదటి ప్రశ్న, "ఈ సాక్షులిద్దరూ ఎవరమ్మా?" మాకు తెలియదు. నాన్నకూ తెలియదు, ఆయన వాళ్ల ముఖాలే చూడలేదు. వాళ్లు హైదరాబాద్‌లో సంతకాలు పెట్టారు, నాన్న ఖమ్మంలో.

అప్పుడు ఆయన విడమరిచి చెప్పారు. 1925 భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం విల్లుకు కనీసం ఇద్దరు సాక్షులుండాలి. విల్లు రాసిన మనిషి సంతకం పెట్టడం వాళ్లు కళ్లారా చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోట వినాలి. ఆ తర్వాత ఆయన ఎదురుగానే సాక్షి సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలని లేదు, కానీ ఇద్దరూ ఆయన ముందే సంతకం పెట్టి ఉండాలి. రేపు ఎవరైనా కాదంటే ఆ ఇద్దరిలో బతికున్న ఒక్కరినైనా కోర్టుకు తెచ్చి చెప్పించాలి. "వాళ్లను పట్టుకొచ్చి చూశామని చెప్పించడమంటే దొంగ సాక్ష్యం చెప్పించడమే, ఆ పని నేను చేయను" అన్నారు. ఆ మాటకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఇక ఆ రిజిస్ట్రేషన్ నంబర్. అది వాళ్ల కంపెనీ బిల్లు నంబరు! నిజంగా రిజిస్టరైన విల్లు మీద సబ్ రిజిస్ట్రార్ ముద్ర, సంతకం, వేలిముద్రలు, ఆ ఆఫీసులో విల్లులు ఎక్కించే మూడో నంబరు పుస్తకంలో నమోదైన వివరాలు ఉంటాయి. మా దాని మీద ఏవీ లేవు. విల్లుకు స్టాంపు పేపరే అక్కర్లేదట, తెల్లకాగితం చాలట. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, చేయిస్తే బలం ఉంటుంది. మరి 14,999 దేనికి కట్టినట్టు?

నిన్న అమ్మను తీసుకుని ఆ ఆఫీసుకు వెళ్లాను. ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా "టికెట్ రెయిజ్ చేశాం" అనడం తప్ప జవాబు లేదు. వెళ్లకుండా ఉండాల్సింది. కనీసం అమ్మను తీసుకెళ్లకుండా ఉండాల్సింది.

లోపల ఏసీ గది. మేనేజర్ అనే అతను కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా "కస్టమర్ ఐడీ చెప్పండి" అన్నాడు. చెప్పాను. "ఇది క్లోజ్డ్ కేసు మేడమ్, డెలివరీ అయిపోయింది" అన్నాడు. సాక్షుల సంగతి అడిగాను. "ఆ ఇద్దరు అబ్బాయిలూ ఉద్యోగం మానేశారు, వాళ్ల అడ్రసులు మేం ఇవ్వకూడదు." మరి మా నాన్న సంతకం పెట్టడం వాళ్లు చూశారా అని అడిగాను. అప్పుడు తల ఎత్తాడు. ఎత్తి అన్న మాటలు ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"అవన్నీ మీ ఫాదర్ ఉన్నప్పుడే చెక్ చేసుకోవాలి కదా మేడమ్. ఇప్పుడు ఆయన లేరు, మళ్లీ సంతకం ఎవరు పెడతారు?"

అమ్మ పక్కనే ఉంది. ఒళ్లో ఆ ప్లాస్టిక్ కవరు. "మీ వాడి ముందే కదా నాయనా ఆయన సంతకం పెట్టింది. ఆయన రాసింది నిజం కాదా మరి?" అని అడిగింది. గొంతు పెంచలేదు, నిజంగానే తెలియక అడిగింది. అతను అమ్మకు జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగి ఒక రంగు కాగితం ముందుకు తోశాడు. "మా దగ్గర సక్సెషన్ ప్యాకేజీ ఉంది మేడమ్, 45 వేలు. పాత కస్టమర్ కాబట్టి పది శాతం తగ్గిస్తాం. సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చి ఇల్లు అమ్మగారి పేరు మీదికి మార్చిపెడతాం."

పోయిన మనిషి సంతకాన్ని పనికిరాకుండా చేసిన నోటితోనే ఇంకో ప్యాకేజీ అమ్ముతున్నాడు. అమ్మ లేచి నిలబడింది. "పద" అంది. మెట్ల దాకా ఒక్క మాట మాట్లాడలేదు. కింద ఆటో కోసం నిలబడినప్పుడు "మీ నాన్నకు ఈ సంగతి తెలియకుండానే పోయారు, అదే మంచిదైంది" అంది. నేను రోడ్డు మీదే ఏడ్చాను.

ఆ రెండో ప్యాకేజీ కూడా మోసమే, తెలుసుకోండి. సక్సెషన్ సర్టిఫికెట్ సివిల్ కోర్టు ఇచ్చేది. బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావాల్సిన బాకీల కోసమే అది పనికొస్తుంది, ఇల్లూ పొలం దాని మీద మారవు. రాత్రి లాయర్ గారికి ఫోన్ చేసి అడిగితే అదే చెప్పారు.

ఇక నానమ్మ సంగతి. ఆమెకు 86 ఏళ్లు, ఊళ్లో చిన్న బాబాయ్ దగ్గర ఉంటుంది. విల్లు నిలబడదు కాబట్టి ఇల్లు ఐదు వాటాలు. అమ్మ, మేం ముగ్గురం, నానమ్మ. మొత్తం ఇల్లు అమ్మదే కావాలని నాన్న రాస్తే చట్టప్రకారం ఆమెకు దక్కేది ఐదింట ఒకటి. మా ముగ్గురి వాటాలూ అమ్మకు హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించి ఇచ్చేస్తాం, దానికయ్యే ఖర్చు మేం భరిస్తాం. కానీ నానమ్మ వాటా ఆమె సంతకం లేకుండా రాదు. రేపు ఆమెకేమైనా అయితే ఆ వాటా ఆమె పిల్లలకు పోతుంది, ఇద్దరు బాబాయిలకు, అత్తకు, నాన్న వంతుకు మాకు. అమ్మ ఉంటున్న ఇంట్లో ఎంతమంది వాటాదారులవుతారో చూడండి.

నానమ్మను అడిగితే "నా కొడుకు కట్టిన ఇల్లు, నా కోడలిదే" అని ఏడ్చింది. బాబాయ్ మాత్రం "అమ్మకు ఒంట్లో బాగోలేదు, ఇప్పుడే సంతకాలు ఎందుకు, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాన్న పాడె మోసిన మనిషి. కానీ ఈ మాట వచ్చినప్పటి నుంచి పిన్ని ఫోన్ ఎత్తడం లేదు. 40 ఏళ్లుగా లేని ఎడం ఒక్క చెల్లని కాగితం వల్ల వచ్చింది. డబ్బు పోయిందని కాదు నా కోపం, ఇందుకు.

నానమ్మ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దాకా వచ్చే స్థితిలో లేదని మేం అంటే, మంచాన ఉన్నవాళ్ల కోసం దరఖాస్తు పెడితే సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చి రిజిస్టర్ చేసే వీలుందని లాయర్ గారు చెప్పారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉందట. అది విన్నప్పుడు మళ్లీ మే నెల ఎండ గుర్తొచ్చింది. నిజంగా నాన్న కదల్లేని మనిషైనా దారి ఉండేది. ఆయన నడవగలిగిన మనిషి, వెళ్తానని కూడా అన్నారు.

కంప్లైంట్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాం. నష్టం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. ఐదు లక్షల లోపు కట్టిన వ్యవహారానికి ఫీజు లేదు. వాళ్ల చేతిలో మోసపోయినవాళ్లు ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి నమోదు చేయించండి. డబ్బు కట్టిన రుజువు, కొరియర్ కవరు, వాట్సాప్ మెసేజ్‌లు పారేయకండి. నేను కొరియర్ కవరు చెత్తలో వేశాను, ఇప్పుడు అది కావాలంటున్నారు.

విల్లు రాయించేవాళ్లు సాక్షులుగా మీకు బాగా తెలిసినవాళ్లను, మీకన్నా వయసులో చిన్నవాళ్లను పెట్టుకోండి. అందరూ ఒకే గదిలో కూర్చుని సంతకాలు చేయండి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి, తర్వాత అనుమానాలు వస్తాయి. వీలైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే రిజిస్టర్ చేయించండి. బ్యాంకులో నామినీ ఉన్నాడు కదా అని విల్లు మానేయకండి, నామినీ డబ్బు తీసుకోగలడే కానీ అది ఆయన సొంతం కాదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

ఎర్రటి గుండ్రటి సీలు, మెరిసే స్టిక్కరు ఉన్న విల్లు మీ ఇంట్లో కూడా ఉంటే ఈరోజే బీరువా తెరవండి. చివరి పేజీలో ఉన్న ఇద్దరి పేర్లు చదివి, వీళ్లెవరో తెలుసా అని మీ నాన్నగారిని అడగండి. తెలియదంటే పక్కింటి వాళ్లను ఇద్దరిని పిలిచి, ఆయన ఎదురుగా కూర్చోబెట్టి, కొత్త విల్లు రాయించండి. చివరిగా రాసిందే చెల్లుతుంది.