షుగర్ కళ్లు, డాలస్ క్లినిక్ బిల్లు

మావారికి షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. డాలస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉండగా ఓ పొద్దున పేపరు చదువుతూ, లైన్లు వంకరగా కనిపిస్తున్నాయన్నారు. వాడు కంగారుపడి దగ్గర్లోని రెటీనా క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.

వైద్యానికి వంక పెట్టను. కూర్చున్న పావుగంటకే పిలిచారు, చుక్కలు వేశారు, కంటి లోపలి పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ తీశారు. కంటి వెనకుండే రెటీనా పొర నడిమి భాగంలో నీరు చేరి వాచిందనీ, ఇంజెక్షన్లు పడాలనీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఒళ్లు మండింది కౌంటర్ దగ్గర. ఎంతవుతుందని వెళ్లగానే అడిగితే "డాక్టర్ చూశాకే తెలుస్తుంది" అన్నారు. చూశాక 742 డాలర్లన్నారు, కట్టాం. కొన్ని వారాలకి పోస్టులో ఇంకో 268 డాలర్ల బిల్లు! స్కాన్ చూసి రిపోర్టు రాసినందుకట. షుగర్ పాత జబ్బు కాబట్టి పైసా ఇవ్వమని ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేశారు. ఇంజెక్షన్ సంగతి అడిగితే ఐలియా పేరు చెప్పారు. మందు ఒక్కటే డోసుకి 1,850 డాలర్ల దాకా, మొదట్లో నెలనెలా వేయాలి. మావారు కారులో నోరు విప్పలేదు. ఇల్లు చేరాక మాత్రం "టికెట్ ముందుకి జరపరా" అన్నారు.

మీరెవరైనా ఇలా ఇరుక్కుంటే "గుడ్ ఫెయిత్ ఎస్టిమేట్" కావాలని ఆ పేరుతోనే అడగండి. సొంత డబ్బుతో చూపించుకునేవాళ్లు అడిగితే ఖర్చు అంచనా రాతపూర్వకంగా ఇవ్వాలని 2022 జనవరి నుంచి అక్కడ చట్టం ఉంది. బిల్లు దానికి 400 డాలర్లో అంతకన్నా ఎక్కువో మించితే ఫిర్యాదు చేయొచ్చు. కౌంటర్‌లో ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు.

తిరుగు దారిలో లండన్‌లోని హారోలో మా ఆడపడుచు ఇంట్లో దిగాం. అన్నయ్యగారికీ షుగరే. 12 ఏళ్లు, ఆపై వయసున్న షుగర్ పేషెంట్లందరినీ అక్కడ ప్రభుత్వమే కళ్ల ఫొటోలకి పిలుస్తుంది. ఏటా వెళ్లాలి, వరసగా బాగుంటే రెండేళ్లకోసారి చాలు. ఆయనతో మావారూ వెళ్లి బయట కూర్చున్నారు. చుక్కలు, ఫొటోలు, ఇంటికి! ఒక్క పౌండు కట్టలేదు. ఫలితం ఉత్తరంలో వస్తుంది. కాకపోతే అది వడపోత మాత్రమే, తేడా ఉంటే మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలి. మావారికి మాత్రం ఆ పద్ధతి తెగ నచ్చింది. "మనకెందుకు పిలుపు రాదు?" అని విమానంలో కూడా అదే గొణుగుడు.

హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు కంటి ఆసుపత్రిలో కన్సల్టేషన్ 900, ఓసీటీ 2,200. డాక్టరు స్కాన్ తెరమీద పెట్టి, పొరల మధ్య నల్లటి బుడగల్లా ఉన్న నీటిని వేలితో చూపించారు. మూడు మందుల ధరలున్న కాగితం మా చేతికిచ్చారు. అన్నిటికన్నా చవక అవాస్టిన్. అసలు పేగు క్యాన్సర్ కోసం వచ్చిన మందది, కంటికి చిన్న డోసులుగా విడగొట్టి వాడతారు. చూపు కొద్దిగానే తగ్గినవాళ్లకి మొదటి ఏడాది ఇదీ ఐలియా దాదాపు ఒకేలా పనిచేశాయనీ, బాగా తగ్గినవాళ్లకి ఐలియాదే పైచేయి అనీ 2015లో అమెరికా అధ్యయనమే తేల్చింది. మావారికి చూపు కొద్దిగానే తగ్గింది కాబట్టి అవాస్టినే వేయించాం. థియేటర్ ఖర్చుతో కలిపి 9,500 అయింది. డబ్బుకి ఇబ్బందైతే బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లండి. 1987 నుంచీ కట్టలేనివాళ్లకి ఉచితంగా చూస్తున్నారు.

మాది విజయవాడ. ఇక హైదరాబాద్‌లో ఉండటానికి అమీర్‌పేటలో మేం దిగిన లాడ్జి! రాత్రికి 2,400. గది మూడో అంతస్తులో, లిఫ్టు పనిచేయదు. చుక్కలకి కంటిపాపలు విచ్చుకుని ఎదర ఏముందో ఆనని మనిషిని రెయిలింగ్ పట్టించి ఎక్కించాను. ప్రతి మెట్టుకీ మేనేజర్‌ని ఓ తిట్టు తిట్టారు. ఇంజెక్షన్ పడిన కంట్లో నీళ్లు పడకూడదు కదా, ఆ బాత్రూంలో షవర్ తిప్పితే గోడకీ తలకీ తేడా లేకుండా చిమ్మింది. తెల్లారి గది ఖాళీ చేస్తుంటే ఏసీ చార్జీ అని ఇంకో 300 అడిగారు. ఆ ఏసీ గాలి మాకు తగిలితే ఒట్టు.

రెండో ఇంజెక్షన్‌కి విజయవాడ నుంచి పొద్దున్నే కారు మాట్లాడుకుని వెళ్లి, రాత్రికి ఇల్లు చేరాం. రానూపోనూ 7,500. మావారు దారంతా నిద్రపోయారు.