మద్దతు ధరకు వడ్లు అమ్మి చూశాక

నేను తెలంగాణలో వరి రైతును. 2014-15లో గ్రేడ్-ఏ (మేలు రకం) వడ్లకు క్వింటాల్ మద్దతు ధర 1,400 రూపాయలు ఉన్నప్పటి నుంచి 2025-26లో 2,389 అయ్యేదాకా, దాదాపు ప్రతి పంటా, ప్రభుత్వం ఆ ధరకు కొనే మా ఊరి కొనుగోలు కేంద్రంలోనే పోశాను. ఐదుకు మార్కులు వేయమంటే ధరకు నాలుగు, అమ్మే పద్ధతికి రెండు వేస్తాను.

ముందు మంచి చెప్తా. కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు వ్యాపారి కల్లం దగ్గరికే వచ్చి రేటు చెప్తాడు. అది ఎంత తక్కువన్నది మన అవసరం చూసి చెప్పేదే. పక్కనే కేంద్రం తెరిచి ఉంటే మాత్రం ఆయన గొంతు మారుతుంది. అక్కడ అమ్మినా అమ్మకపోయినా ఈ లాభం ఉంది. పైగా డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది, అప్పిచ్చినవాడి చేతిమీదుగా రాదు.

ఇక కుప్ప పోశాక కథ. తేమ 17 శాతం దాటకూడదు. హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లు ఆ లెక్కకు రావాలంటే రోజుల తరబడి ఆరబోయాలి. వానాకాలం పంటకు నవంబర్ ఎండ చాలదు, రాత్రి మంచుకు తేమ మళ్లీ ఎక్కుతుంది. యాసంగికి (రబీకి) ఎండ దండిగా ఉంటుంది కానీ ఏప్రిల్‌లో మబ్బు పడితే చాలు, టెన్షన్. టార్పాలిన్ల కిరాయి, ఆరబోసే కూలీ, కాపలా అన్నీ మన జేబులోంచే. గన్నీ సంచులు రాలేదనో లారీ దొరకలేదనో కాంటా ఆగితే ఇంకొన్ని రోజులు.

అన్నిటికంటే మండేది తరుగు. తేమ సరిపోయి, తాలు (గింజ లేని పొల్లు) పట్టించాక కూడా, మిల్లు దించుకోదన్న సాకుతో 40 కిలోల బస్తాకు 42 కిలోలు జోకిన సీజన్లు చూశాను. అంటే డబ్బు వచ్చే ప్రతి క్వింటాల్‌కూ ఐదు కిలోలు ఉత్తగా ఇచ్చినట్టు. 2024-25 ధర 2,320 ప్రకారం దాని విలువ 116 రూపాయలు. ఆ ఏడాది ధర పెరిగిందే 117. పేపర్లో పెంపు వార్త చూసి సంబరపడ్డందుకు మిగిలేది ఒక్క రూపాయి!

సన్నాలు, అంటే సన్న బియ్యం వడ్లు, వేసేవాళ్లకు ఈ మద్దతు ధర చాలా ఏళ్లు అక్కరకు రాలేదు. సాధారణ రకానికీ గ్రేడ్-ఏకీ తేడా 20 రూపాయలే. సాంబ మసూరి లాంటివి వేస్తే దిగుబడి తక్కువ, తెగుళ్లు ఎక్కువ. అందుకే మా వైపు చాలామంది పచ్చి వడ్లను ట్రాక్టర్లలో మిర్యాలగూడ మిల్లులకు తోలేవారు, ఆరబోసే పనే ఉండదు. 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం సన్నాలకు క్వింటాల్‌కు 500 బోనస్ పెట్టాక లెక్క మారింది. 2,320కి కలిపితే 2,820. కాకపోతే బోనస్ విడిగా పడుతుంది. వానాకాలానిది వచ్చింది కానీ తర్వాతి యాసంగిది వడ్ల డబ్బు పడ్డాక కూడా నెలల తరబడి రాలేదు. ఎరువుల షాపు బాకీని మాత్రం దాని మీద పెట్టుకోవద్దు.

కౌలు భూమి వడ్లకు వేరే తలనొప్పి. పాస్‌బుక్ పట్టాదారుది (భూమి యజమానిది), కేంద్రంలో వివరాలు రాసే ట్యాబ్‌లో ఎక్కే పేరూ ఆయనదే. ఒక ఏడాది నా వడ్ల డబ్బు ఆయన ఖాతాలో పడితే, ఆయన మంచివాడు కాబట్టి ఇచ్చాడు.

కొత్తగా అమ్మేవాళ్లు బ్లోయర్ స్పీడ్ పెంచి కోయమని హార్వెస్టర్ డ్రైవర్‌కు ముందే చెప్పండి. డీజిల్ ఎక్కువ తాగుతుందని గొణుగుతాడు, కానీ తాలు చాలావరకు పొలంలోనే పోతుంది. కాంటా అయిన రోజే బస్తాల లెక్క, బరువు రాసిన చీటీ అడిగి తీసుకోండి. లారీ మిల్లుకు పోయాక ఇన్ని బస్తాలు తగ్గించారని ఫోన్ వస్తే, మన చేతిలో ఉండే రుజువు అదొక్కటే.