హెన్రీ, 66, 73: పాత లివర్ రైఫిళ్లలో ఏది మేలు?

పాత అమెరికా లివర్ రైఫిళ్ల మాట వస్తే అందరూ ముందు వించెస్టర్ 73 (1873 మోడల్) పేరే ఎత్తుతారు. ‘పడమరను గెలిచిన తుపాకీ’ అన్న ప్రచారం అంతగా అంటుకుపోయింది. అయితే దానికి ముందు 1860 నాటి హెన్రీ, 1866 నాటి ‘ఎల్లో బాయ్’ ఉన్నాయి. మూడింటి లోపలి యంత్రం దాదాపు ఒకటే. లివర్ కిందికి తోస్తే ఖాళీ తొడుగు ఎగిరిపడుతుంది, వెనక్కి లాగితే కొత్త తూటా ఎక్కుతుంది. తేడా అంతా తూటాలు నింపే తీరులోనూ, ఆ తూటాల్లోనూ.

హెన్రీలో 16 తూటాలు పట్టేవి. ఒక్కో తూటా పెట్టి కాల్చే రోజుల్లో అది చిన్న సంగతి కాదు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైనికులు ‘ఆదివారం నింపి వారమంతా కాల్చే తుపాకీ’ అని తిట్టుకున్నారట. కానీ ఆ నింపడం ఉంది చూశారూ! గొట్టం కింద తూటాలుండే మ్యాగజైన్‌కి పొడవునా ఒక చీలిక. అందులోంచి పొడుచుకొచ్చిన చిన్న పిడిని మూతి దాకా లాగి, ముందుభాగాన్ని పక్కకు తిప్పి, తూటాలు ఒక్కొక్కటే జారవిడవాలి. పరుగెత్తే గుర్రం మీద ఇదేం పని? కాలుస్తున్నకొద్దీ ఆ పిడి వెనక్కి జరిగి చేతికి అడ్డొస్తుంది, చెయ్యి మార్చి పట్టుకోవాలి. ముందు చెక్క లేదు కాబట్టి వేడెక్కిన గొట్టమే గతి. చీలికలోంచి దూరే దుమ్ము సరేసరి.

66లో నెల్సన్ కింగ్ చట్రం కుడి పక్కన స్ప్రింగ్ తలుపు పెట్టాడు. బొటనవేలితో తూటాను నొక్కితే లోపలికి పోతుంది. రెండు కాల్చి రెండు నింపుకోవచ్చు. చీలిక పోయింది, చెక్క పట్టు వచ్చింది. షర్టుల వ్యాపారి ఆలివర్ వించెస్టర్ పేరు రైఫిల్‌కి పడింది కూడా దీంతోనే. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం చేతిలో ఒక్క తూటా స్ప్రింగ్‌ఫీల్డ్‌లుంటే, ఎదుటి లకోటా, షయెన్ ఆదివాసీ యోధుల్లో కొంతమంది దగ్గర హెన్రీలు, 66లు ఉన్నాయి. నన్నడిగితే అసలు పెద్ద అంగ 66దే.

మరి 73 ఎందుకు గెలిచింది? తూటా వల్ల. హెన్రీ, 66 తూటాలకు నిప్పుమందు (దెబ్బ తగిలి మొదట అంటుకునేది) తొడుగు అడుగు అంచులో ఉండేది. ఒకసారి పేలితే తొడుగు పారేయాల్సిందే. పైగా లోపలి మందు సుమారు 28 గ్రెయిన్లే (గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు తూకం). 73 ఇనుప చట్రంతో వచ్చింది, తూటా 44-40, అంటే 40 గ్రెయిన్ల మందు. నిప్పుమందు అడుగున మధ్యలో ఉంటుంది కాబట్టి ఆ నిప్పుమందు మార్చి, మళ్లీ మందు, గుండు దట్టించి వాడుకోవచ్చు. ఊరికి వందల మైళ్ల దూరంలో ఉండేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? 1870ల చివర్లో కోల్ట్ రివాల్వర్ కూడా అదే తూటాకు రావడంతో నడుముకూ భుజానికీ ఒకే సంచీ సరిపోయింది. అడవిదున్నల వేటకు మాత్రం ఇది చాలదు, షార్ప్స్ అనే పెద్ద ఒక్క తూటా రైఫిల్ పట్టాల్సిందే.

యంత్రం గట్టితనం చూస్తే తుపాకుల రూపకర్త బ్రౌనింగ్ గీసిన వించెస్టర్ 1892 మోడల్ మెరుగు. కానీ అప్పటికే, 1890 జనగణనతోనే, పడమర వైపు కొత్త నేలలు ఆక్రమించే సరిహద్దు కాలం ముగిసిందన్నారు. సినిమాల్లో అంతకు ముందటి కథల్లోనూ ఈ 1892 మోడలే కనిపిస్తుంది, అది వేరే గోల.

కాబట్టి నా ఓటు 73కే. 2014లో నెవాడాలోని గ్రేట్ బేసిన్ నేషనల్ పార్క్‌లో ఒకటి దొరికింది. 1882లో తయారైంది. జూనిపర్ చెట్టుకు ఆనించి ఉంది, చెక్క ఎండకు బూడిదరంగు తిరిగింది, వెనక చివర మట్టిలో కూరుకుపోయింది. ఎక్స్‌రే తీస్తే వెనక చెక్కలోని తొర్రలో ఒకే ఒక్క 44-40 తూటా.