దుకాణం స్లైసర్‌ను ఇంట్లో పెట్టుకుంటే: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

మాంసం దుకాణాల్లో, హోటల్ వంటశాలల్లో వాడే స్లైసర్‌ను, అంటే తిరిగే గుండ్రటి బ్లేడుతో మాంసాన్ని పల్చటి ముక్కలుగా కోసే మెషిన్‌ను, 12 అంగుళాల బ్లేడున్న పాతది కొని, విప్పి బాగుచేసుకుని, చాలా ఏళ్లుగా ఇంట్లో వాడుతున్నాను. ఇలాంటిది కొనాలా వద్దా అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒక్కటే: ఒక విడతలో ఎంత కోస్తారు? కిలో, రెండు కిలోలైతే మంచి కత్తి చాలు. మెషిన్ ఆ పనిని చిటికెలో ముగిస్తుంది, నిజమే. కానీ తర్వాత దాన్ని విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ బిగించేసరికి అరగంట పోతుంది. పావు కిలో కోసినా పది కిలోలు కోసినా ఆ అరగంట తగ్గదు.

ఇళ్లకని అమ్మే చిన్న స్లైసర్ ఎందుకు కాదు అంటారా? అదీ వాడాను. 17, 19 సెంటీమీటర్ల బ్లేడు, లోపల ప్లాస్టిక్ గేర్లు, తేలికపాటి బాడీ. మాంసాన్ని కాస్త గట్టిగా నొక్కితే ముక్క మందాన్ని నిర్ణయించే పలక, అంటే గేజ్ ప్లేట్, వంగిపోయి ముక్క ఒక అంచున మందంగా, ఇంకో అంచున పల్చగా వస్తుంది. కొన్ని నిమిషాలు ఆడించాక మోటార్‌ను చల్లారనివ్వాలని చాలా మోడళ్ల మీద రాసే ఉంటుంది. పళ్లున్న బ్లేడు మొద్దుబారితే ఇంట్లో సాన పట్టడం కుదరదు, కొత్తది కొనాల్సిందే. దుకాణం మెషిన్ తీరు వేరు. నున్నటి అంచున్న 25 నుంచి 35 సెంటీమీటర్ల బ్లేడు, బరువైన అల్యూమినియం పోత, గంటల తరబడి ఆడేందుకు చేసిన ఇండక్షన్ మోటార్, సాన పట్టే రాళ్లు మెషిన్ మీదే. ముక్క అవతలి వెలుతురు కనిపించేంత పల్చగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందంతో పడుతుంది. అది చూశాక చిన్నదాని మీదికి మనసు పోదు.

పాతది కొనేటప్పుడు చాలామంది స్విచ్ వేసి మోటార్ చప్పుడు విని తృప్తి పడతారు. మోటార్లు మొండివి, అంత తేలిగ్గా పోవు. చూడాల్సింది బ్లేడును. సాన పట్టిన ప్రతిసారీ బ్లేడు కొంచెం అరిగి చిన్నదవుతుంది. దాని చుట్టూ ఉండే గార్డు రింగు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అంటే రెంటి మధ్య సందు పెరుగుతూ పోతుంది. ఆ సందు 6 మి.మీ. దాటితే బ్లేడు మార్చాలన్నది చాలా మాన్యువళ్లలో కనిపించే హద్దు. స్కేలు పెట్టి కొలవండి, అమ్మేవాళ్లు ఏమనుకున్నా సరే. సందు పెరిగితే ముక్క చిరుగుతుంది, అందులోకి వేలు పోయే ప్రమాదమూ ఉంటుంది.

బ్లేడు అరగడంలో ఇంకో నష్టం ఉంది. దాని ఒక ముఖం లోపలికి గుంటగా ఉంటుంది, అంచు దగ్గర మాత్రమే మాంసాన్ని తాకేలా. 1898లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో వాన్ బర్కెల్ అనే మాంసం వ్యాపారి తెచ్చిన మొదటి స్లైసర్‌లో కూడా ఇలాంటి గుంట బ్లేడు, మాంసాన్ని మోస్తూ ముందుకూ వెనక్కూ జరిగే క్యారేజ్ ఉన్నాయి. ఇప్పటి మెషిన్లు నడిచేది ఆ పద్ధతి మీదే. బ్లేడు బాగా అరిగి అంచు ఆ గుంట దాకా జరిగిపోతే సాన ఎంత పట్టినా పదును నిలవదు, మాంసం బ్లేడుకు అతుక్కుంటుంది. కొత్త బ్లేడు ఖరీదు కొన్నిసార్లు పాత మెషిన్ ధరలో పెద్ద భాగమే ఉంటుంది. అందుకే బేరం ఆడే ముందు ఆ మోడల్ బ్లేడు దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుంది అని కనుక్కోవాలి. హోబార్ట్, బర్కెల్, బిజెర్బా లాంటి పేరున్న కంపెనీల మెషిన్లకు ఇక్కడే విలువ: పాత మోడళ్లలో చాలావాటికి విడిభాగాలు ఇంకా వస్తుంటాయి. మోడల్ నంబర్ రేకు ఊడిపోయిన, పేరూ ఊరూ లేని మెషిన్ ఎంత చవగ్గా ఇచ్చినా నేనైతే తీసుకోను.

తర్వాత సానపెట్టె. రెండు చిన్న రాళ్లున్న ఆ పెట్టెను విప్పి ఎక్కడో పెట్టి మర్చిపోతారు. పాత మెషిన్లలో ఎక్కువగా మాయమయ్యేది అదే. అది లేకుండా కొంటే దాన్ని వెతుక్కోవడమే ఒక పెద్ద పని.

మోడల్ రేకు మీద వోల్టేజీ, హెర్ట్జ్ (కరెంటు ఫ్రీక్వెన్సీ), ఫేజ్ చూడండి. మూడు ఫేజుల మోటార్ ఉంటే ఇంటి ప్లగ్గుకు పనికిరాదు, దానికి వేరే ఏర్పాటు కావాలి. 60 హెర్ట్జ్ మోటార్‌ను 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిపితే దాదాపు ఆరో వంతు వేగం తగ్గుతుంది, పైగా వేడెక్కుతుంది. వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా హెర్ట్జ్ మారదు. ఈ సంగతి తెలియక మోటార్లు కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. ఇక స్విచ్ వేస్తే గుయ్ మంటూ తిరగకుండా ఉండిపోయే మెషిన్ కనిపిస్తే భయపడనక్కర్లేదు. చాలాసార్లు అది మోటార్‌ను తిరగడం మొదలెట్టించే కెపాసిటర్ జబ్బు, చిన్న ఖర్చుతో పోతుంది. అమ్మేవాళ్లకు అది తెలియకపోతే బేరం మీదే. మెషిన్ ప్లగ్గు తీసేశాక కూడా కెపాసిటర్ షాక్ కొడుతుంది కాబట్టి దాన్ని డిశ్చార్జ్ చేయడం తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

నాది తెచ్చినప్పుడు పైకి మెరుస్తూనే ఉంది. బ్లేడు వెనక కవర్ తీస్తే తెలిసింది అసలు సంగతి. కొవ్వు, మాంసం పొడి, పాత గ్రీజు కలిసి మైనంలా గట్టిపడి మూల మూలకూ పట్టేసి ఉన్నాయి. వాసన సంగతి చెప్పను. ప్లాస్టిక్ గరిటెతో గీకి, వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, బ్రష్షు పట్టుకుని కూర్చున్నాను. మొండి జిడ్డుకని ఓవెన్ క్లీనర్ లాంటి కాస్టిక్ మందులు వాడొద్దు. అవి అల్యూమినియాన్ని తినేస్తాయి, మెరుపు పోయి నల్లటి మచ్చలు మిగులుతాయి. డిష్‌వాషర్‌లో వేసినా ఇదే గతి. స్టీలు స్క్రూలు అల్యూమినియం బాడీలో ఏళ్ల తరబడి ఉండి పట్టేస్తాయి. తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి ఆగితే ఊడి వచ్చే స్క్రూను తొందరపడి తిప్పితే తల అరిగిపోయి డ్రిల్లు దాకా పోతుంది. ప్రతి భాగం విప్పే ముందు ఫోటో తీసుకోవడం మాత్రం మానకండి. బిగించేటప్పుడు వాషర్ ఏ వైపు ఉండేదన్న టెన్షన్ ఉండదు.

బ్లేడు విప్పడం ఈ పనంతటిలో నాకు ఎప్పుడూ ఇష్టం లేని ఘట్టం. కొన్ని మెషిన్లకు బ్లేడును కప్పి పట్టుకునే ప్రత్యేకమైన కవచం వస్తుంది. అది ఉంటే వాడి తీరాలి. లేకపోతే అంచు చుట్టూ మందపాటి రబ్బరు గొట్టాన్ని నిలువునా చీల్చి తొడిగి, గ్లౌజులు వేసుకుని, ఇంకో మనిషిని పక్కన పెట్టుకుని విప్పాలి. చేజారితే పట్టుకోబోవద్దు, పడిపోనివ్వాలి.

నేను మార్చినవి పెద్దగా లేవు: బేరింగులు, కరెంటు తీగ, స్విచ్ మీది రబ్బరు తొడుగు, అడుగున ఉండే నాలుగు రబ్బరు కాళ్లు. చివరివి చిన్న విషయంగా కనిపిస్తాయి కానీ కాదు. కాళ్లు గట్టిపడి జారితే క్యారేజ్ తోసినప్పుడల్లా మెషిన్ కదులుతుంది, చెయ్యి ఉన్నచోట ఉండదు. తీగ మార్చాక మల్టీమీటర్‌తో బాడీకీ ఎర్త్ పిన్నుకూ మధ్య కనెక్షన్ ఉందో లేదో చూసుకోవడం తప్పనిసరి. తడి చేతులతో లోహపు మెషిన్ ముట్టుకునే వ్యవహారం ఇది. గేజ్ ప్లేట్‌ను సున్నాకు తిప్పితే అది బ్లేడు అంచును పూర్తిగా కప్పేయాలి. కప్పకపోతే అడ్జస్ట్ చేయనిదే వాడకూడదు. చాలా మెషిన్లలో ముక్క మందం సెట్ చేసే డయల్ సున్నా మీద ఉంటేనే క్యారేజ్ ఊడి వస్తుంది. ఎవరో చికాకుపడి ఆ లాక్‌ను పీకేసి ఉంటే తిరిగి పెట్టించాలి.

సాన పట్టడం నేర్చుకోవడం అనుకున్నదానికంటే తేలిక. ముందు బ్లేడును కడిగి జిడ్డు లేకుండా తుడవాలి, లేకపోతే కొవ్వు రాతి రంధ్రాల్లోకి పోయి రాయి నున్నగా జారడం మొదలెడుతుంది. ఒక రాయి అంచును అరగదీస్తుంది. కాసేపటికి అవతలి వైపు సన్నటి గరుకు పొర లేస్తుంది. అది లేచిందో లేదో వేలితో చూడకండి. మెషిన్ ఆపి, పెన్సిల్‌ను బ్లేడు మధ్య నుంచి అంచు వైపు లాగితే ఆ పొర దానికి తగులుతుంది. అప్పుడు రెండో రాయిని రెండు మూడు సెకన్లు మాత్రమే ఆనిస్తే ఆ పొర రాలిపోతుంది. ఎక్కువసేపు పెడితే వచ్చిన పదును కూడా పోతుంది. తర్వాత బ్లేడునూ గార్డునూ తుడిచి రాతిపొడి తీసేయాలి, తినే వస్తువు మీద పడుతుంది కదా. ఇంటి వాడకానికి ఏడాదిలో నాలుగైదుసార్లకు మించి అక్కర్లేదు. ప్రతి వాడకానికీ సాన పట్టే అలవాటు ఉంటే బ్లేడును ఊరికే అరగదీసుకుంటున్నట్టే.

కోయడంలో పదునుకంటే ముఖ్యమైనది మాంసం చల్లదనం. మెత్తటి పచ్చి మాంసం బ్లేడు ముందు నలిగిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టి, బయట గట్టిపడి లోపల ఇంకా కొంచెం మెత్తగా ఉన్నప్పుడు, అంటే సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు కింద, తీసి కోస్తే కాగితాల్లా పడుతుంది. రాయిలా గడ్డకట్టినదాన్ని పెడితే అంచు దెబ్బతింటుంది, మోటార్ మీద భారం పడుతుంది. ఎముక ఎంత చిన్నదైనా వద్దు. ఉడికించిన మాంసమైతే పూర్తిగా చల్లారి, ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉన్నాక కోయాలి. ముళ్లున్న పుషర్‌తో మాంసాన్ని పట్టించి క్యారేజ్‌ను హ్యాండిల్‌తోనే నడపాలి. చివర మిగిలే రెండు వేళ్ల మందం ముక్క కోసం చెయ్యి పెట్టకండి, దాన్ని కత్తితో కోసుకోండి. చీజ్, క్యాబేజీ, బంగాళదుంప కూడా ఇందులో బాగా వస్తాయి, కానీ వాటికోసం ఈ మెషిన్‌ను మురికి చేయబుద్ధి కాదు.

ఇక కడగడం. ప్లగ్గు పీకాలి, స్విచ్ ఆపితే చాలదు. డయల్ సున్నాకు. తెగని గ్లౌజులు రెండు చేతులకూ. ఆ గ్లౌజులు నిలిచి ఉన్న అంచు నుంచి కాపాడతాయి, తిరిగే బ్లేడు నుంచి కాదు. క్యారేజ్, పుషర్, బ్లేడు కవర్, ముక్కలు జారే పలక ఊడదీసి సింకులో వేసి వేడినీళ్లతో తోమాలి. బ్లేడును తుడిచేటప్పుడు ఎప్పుడూ మధ్య నుంచి అంచు వైపే, వెనక ముఖాన్ని కూడా. గార్డు రింగు లోపలి గాడి, గేజ్ ప్లేట్ వెనక, డయల్ చుట్టూ ఉండే సందు, ఈ మూడే కొవ్వు దాక్కునే చోట్లు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, మెషిన్ల సందుల్లో, పాడైన రబ్బరు సీళ్ల కింద స్థిరపడుతుంది. ఉడికిన మాంసాన్ని మళ్లీ వేడి చేయకుండా తింటాం కాబట్టి అసలు ప్రమాదం అక్కడ. పచ్చిదీ ఉడికిందీ ఒకే పూట కోయాల్సి వస్తే ఉడికింది ముందు. సబ్బు, మంచినీళ్లు, శానిటైజర్, గాలికి ఆరబెట్టడం, ఈ వరస తప్పదు. క్లోరిన్ ఘాటుగా కలిపితే అల్యూమినియంపై గుంటలు పడతాయి, డబ్బా మీద రాసినంతే కలపాలి.

ఆరాక క్యారేజ్ నడిచే కడ్డీ మీద ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ రెండు చుక్కలు. వంటనూనె వేస్తే కొన్ని వారాల్లో జిగురులా మారి క్యారేజ్ ముందుకు కదలదు. పాత మెషిన్లలో క్యారేజ్ బిగుసుకుపోయి కనిపించడానికి సగం కారణం ఇదే. కాబట్టి అమ్మకానికి ఉన్నదాంట్లో క్యారేజ్ గట్టిగా ఉందని వదులుకోకండి, శుభ్రం చేస్తే గాజు మీద జారినట్టు నడుస్తుంది.

స్థలం సంగతి కొనే ముందే తేల్చుకోవాలి. నా మెషిన్‌ను ఒక్కరు ఎత్తలేరు. వాడినప్పుడు అలమారలోంచి తీసి, అయ్యాక లోపల పెట్టే వస్తువు కాదిది. గట్టి బల్ల మీద శాశ్వతంగా ఉండిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే స్విచ్చుకు పైన ఇంకో తాళం స్విచ్ పెట్టించాలి, లేదా పిల్లలు పెద్దయ్యాకే కొనాలి. బంధువులకు తెలిస్తే ఫ్రీజర్ బ్యాగులతో దిగుతారన్నది ఇంకో నష్టం, లేదా లాభం, మీ స్వభావాన్ని బట్టి.

ఎండబెట్టడానికో, నిల్వ చేయడానికో ఒకేసారి పది కిలోల దాకా కోసే ఇల్లైతే, పనిముట్లు పట్టుకోవడం చేతనైతే, దీన్ని మించింది లేదు. నెలకోసారి కోసుకునేవాళ్లకు మాత్రం కొనమని చెప్పను. నా బ్లేడుకూ గార్డుకూ మధ్య సందు ఇప్పుడు 5 మి.మీ. దాటింది. కొత్త బ్లేడుతో పాటు సానరాళ్ల జత కూడా తెప్పిస్తున్నాను, అరిగిన రాళ్లు కొత్త అంచు కోణాన్ని చెడగొడతాయి.