లూయిస్‌బర్గ్ కోట: చెంచా ఒక్కటే ఇచ్చినా కడుపు నిండిన పూట

మావారికి ‘ఫ్రాంటియర్’ సీరియల్ అంటే ప్రాణం. మూడు సీజన్లు, 18 భాగాలు, రెండుసార్లు చూశారు. తోళ్ళ వ్యాపారం చేసిన ఇంగ్లీషు సంస్థ హడ్సన్స్ బే కంపెనీ పెత్తనం మీద తిరగబడ్డ డెక్లన్ హార్ప్ కథ అది. సగం ఐరిష్, సగం క్రీ అనే అక్కడి ఆదివాసీ జాతి మనిషి. బీవర్ అనే నీటి జంతువు తోళ్ళ కోసం కొత్త నేలల్లోకి దూరి, దొరికినవాళ్ళను దొరికినట్టు దోచుకున్న కాలం. దానిలో కొన్ని దృశ్యాలు కెనడా తూర్పు తీరాన ఉన్న నోవా స్కోషియాలోని లూయిస్‌బర్గ్ కోటలో తీశారని తెలిశాక ఆయన కాలు ఇంట్లో నిలవలేదు. పైగా ఆ కంపెనీ మొన్నమొన్నటి దాకా బతికే ఉంది. 1670లో ఇంగ్లండు రాజు ఇచ్చిన పట్టాతో మొదలై, 2025 జూన్ 1న చివరి దుకాణాలు మూసేశారు. ఆ తర్వాతి నెలలోనే మేం బయల్దేరాం: నేను, ఆయన, పదకొండేళ్ళ మావాడు, పిఠాపురం నుంచి వచ్చిన అత్తయ్యగారు.

టొరంటో నుంచి హాలిఫాక్స్ దాకా విమానం. అక్కడ కారు అద్దె నాలుగు రోజులకు 412 డాలర్లు. సముద్రం పక్కన కొండల మీదుగా పోయే కేబట్ ట్రెయిల్ దారిలో ఒక రోజు తిరిగాం, బాగుంది.

ఇక కోటకు దగ్గర్లోని సిడ్నీలో (ఆస్ట్రేలియాది కాదు, నోవా స్కోషియాలోదే) మేం దిగిన బస సంగతి చెప్పాలి. ఫొటోల్లో వంటగది, రెండు పడకగదులు, సముద్రం కనిపించే కిటికీ. రెండు రాత్రులకు 378, శుభ్రం చేసే చార్జీ 75, పైన పన్ను 14 శాతం, వెరసి 516 డాలర్ల 42 సెంట్లు ముందే కట్టేశాం. రాత్రి తొమ్మిదింటికి చేరితే వాళ్ళు పంపిన తలుపు కోడు పనిచేయదు. వానజల్లు పడుతోంది. అత్తయ్యగారు శాలువా తల మీదుగా కప్పుకుని మెట్ల మీద కూర్చున్నారు. నలభై నిమిషాలకు ఒకతను వచ్చి తలుపు తీశాడు. లోపల తివాచీ తడిసి ముక్కిన వాసన. వంటగదికి తాళం! ‘అది కింది అంతస్తు వాళ్ళది’ అన్నాడు. బుకింగులో నలుగురమని రాసి ఉన్నా, ఇద్దరికి మించితే రాత్రికి మనిషికి పాతిక చొప్పున నూరు డాలర్లు నగదుగా ఇవ్వాలన్నాడు. ఆ వేళప్పుడు పెద్దావిడను, పిల్లాడిని వెంటబెట్టుకుని ఇంకెక్కడికి వెళ్తాం? ఇచ్చాం. అత్తయ్యగారికి బయట తిండి పడదని నేను బియ్యం, కందిపప్పు, చింతపండు మోసుకొచ్చాను. సంచి విప్పనే లేదు. ఆవిడ ఆ రాత్రి రెండు అరటిపళ్ళు తిని పడుకున్నారు. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

పొద్దున్నే కోటకు అరగంట దారి. ఆ వేసవి, జాతీయ పార్కులు, చారిత్రక స్థలాలు చూసుకునే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా చోట్లన్నిటికీ ప్రవేశం ఉచితం, మాకు పైసా పడలేదు. విజిటర్ సెంటర్ దగ్గర కారు పెట్టేసి వాళ్ళ బస్సులో వెళ్ళాలి. దిగగానే పొగమంచు. ద్వారం దగ్గర నీలం కోటు, పొడుగు తుపాకీతో పాతకాలపు ఫ్రెంచి సిపాయి వేషంలో ఉన్నతను మావాణ్ణి ఆపి ‘ఇంగ్లీషు గూఢచారివా?’ అని గద్దించాడు. వాడు వెంటనే ‘కాదు, తెలుగు’ అన్నాడు. సిపాయి వేషం మరచి నవ్వేశాడు.

మావారు వెతికింది తోళ్ళ వ్యాపారం. కానీ ఈ ఊరు బతికింది కాడ్ చేప మీద. ఉప్పు వేసి, చెక్క పందిళ్ళ మీద ఎండబెట్టి ఓడలకెక్కించేవారు. ఆయన కాస్త డీలాపడ్డారు గానీ, పందిళ్ళు చూసి అత్తయ్యగారు మాత్రం ‘ఇది మన ఉప్పాడే కదే’ అన్నారు. 1713లో ఫ్రెంచివాళ్ళు మొదలుపెట్టిన ఊరు, ఇంగ్లీషువాళ్ళు ముట్టడించి రెండుసార్లు పట్టుకుని చివరికి గోడలు పేల్చేశారు. 1961 నుంచి పాత ఊరిలో నాలుగో వంతు మళ్ళీ కట్టారు. రెండోసారి చేజారింది 1758 జులైలో. అదే ఏడు డిసెంబరులో మా పిఠాపురం పక్క చందుర్తిలో ఆ ఫ్రెంచివాళ్ళనే ఇంగ్లీషు సేనాని ఫోర్డు, విజయనగరం రాజు ఆనందగజపతి కలిసి ఓడించారు. ఇంగ్లండు, ఫ్రాన్సుల ఏడేళ్ళ యుద్ధమే అక్కడా ఇక్కడా: ఒకే యుద్ధం, రెండు కొసలు. ఈ మాట చెప్తే అత్తయ్యగారు ఆ గోడ రాయి మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు.

మధ్యాహ్నం అక్కడే ఒక పూటకూళ్ళ ఇంట్లో తిన్నాం. 18వ శతాబ్దపు సామాన్యుల పద్ధతి: పొడుగు బల్లలు, తెలియనివాళ్ళ పక్కనే కూర్చోవాలి, మనిషికి ఒక్క చెంచా. ఫోర్కు, కత్తి ఉండవు. దుప్పటంత రుమాలు తెచ్చి వడ్డించే అమ్మాయి అత్తయ్యగారి మెడకు తనే కట్టింది. మాంసం పడదని చెప్తే వంటింట్లోకి వెళ్ళి అడిగొచ్చి, ఏవి తినొచ్చో ఒక్కొక్కటే చూపించింది. మందపు గిన్నెలో పొగలు కక్కే బఠానీ సూపు, పక్కన కోటలోనే కాల్చిన రొట్టె. పెంకు గట్టిగా నల్లగా, లోపల కొంచెం పులుపు. అత్తయ్యగారు రొట్టె తుంచి, సూపులో ముంచి, చెంచా పక్కన పెట్టేసి చేత్తో తిన్నారు. ఎదురుగా కూర్చున్న ముసలాయన చూసి తనూ అలాగే తిన్నాడు. ఆవిడ రెండో గిన్నె అడిగారు. నిన్నటి నుంచి బిగిసిపోయిన ముఖం అప్పుడు విచ్చుకుంది. నలుగురికీ టిప్పుతో 104 డాలర్లు. నేను ఈ దేశంలో ఇంత ఇష్టంగా కట్టిన బిల్లు లేదు.

మీరు వెళ్ళేటట్టయితే కనీసం ఆరు గంటలు ఉంచుకోండి. జులై అయినా స్వెట్టరు ఉండాలి. బూట్లు గట్టివి వేసుకోండి, నేలంతా రాళ్ళే. వేషాలు వేసుకున్నవాళ్ళను ఊరికే ఫొటో తీసుకుని వచ్చేయకండి, ప్రశ్నలు అడగండి, తెగ చెప్తారు. తుపాకులు, ఫిరంగి పేల్చే వేళలు లోపలికి వెళ్ళగానే కనుక్కోండి. బస మాత్రం సిడ్నీలో వద్దు, కోట పక్కన లూయిస్‌బర్గ్ ఊళ్ళోనే చూసుకోండి. నలుగురికి ఎంతో, వంటగది తెరిచి ఉంటుందో లేదో ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఆ బస వాళ్ళకు తొమ్మిది మెసేజీలు పెట్టాను, తడి తివాచీ ఫొటోలతో సహా. శుభ్రం చార్జీ 75లో 60 వెనక్కి వేశారు. నగదుగా తీసుకున్న నూటికి రసీదు లేదు కాబట్టి ఇవ్వరట. కార్డు కంపెనీలో ఫిర్యాదు నడుస్తోంది.