పార్క్‌లేన్‌లో సీడీలు చూసే కుర్రాడు

వరంగల్‌లో మాది శుభలేఖల డీటీపీ షాపు. మాఘమాసం ముహూర్తాలు మొదలవుతాయనగా హార్డ్ డిస్క్ పోయింది. కొత్తది వేయించి విండోస్ ఎక్స్‌పీ ఎక్కించాను. శుభలేఖలు కంపోజ్ చేసే పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్ సీడీ పెడితే సగం దాకా వచ్చి, 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' (అంటే డేటా సరిగా చదవలేకపోతోందని) మెసేజ్ ఇచ్చి ఆగిపోయింది. డ్రైవ్ గిర్రున తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం. తెలుగు అక్షరాలుండే ఫాంట్ల సీడీ అయితే అసలు కనపడనే లేదు. ఇరవై ఏళ్ల ఫైళ్లన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి, 'కొత్తది కొనుక్కో' అన్నవాళ్లకు దండం పెట్టి పొద్దున్నే సికింద్రాబాద్ బండెక్కాను.

పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర పాత డిస్కులు పరీక్షించి కాపీ తీసిచ్చే చిన్న షాపు ఒకటుంది. ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాడు బయటే. పేరు రాయను, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

పేజ్‌మేకర్, ఫాంట్లు, ఎక్స్‌పీ, ప్రింటర్, ఈ నాలుగు సీడీలు ముందు పెట్టాను. పేజ్‌మేకర్ సీడీ మీద అంచున లోతైన గీత ఉంది, అదే పోయిందని నా నమ్మకం. ఫాంట్ల సీడీ కింది వైపు అద్దంలా ఉంది. కుర్రాడు ఫాంట్లదే ముందు తీసి, లేబుల్ పైకి పెట్టి కింద నుంచి టార్చి కొట్టాడు. చుక్కల్లా వెలుగు కనిపించింది.

"గీతలు గాదంకుల్, లేబుల్ దిక్కు చూడున్రి. పెన్నుతోని రాసిన్రా?"

రాశాను. సీరియల్ నంబరు మర్చిపోతానని బాల్ పెన్నుతో గట్టిగా అదిమి నేనే రాశాను. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, అందులో దాదాపు అంతా కింది వైపు ప్లాస్టిక్కేనట. సమాచారం మోసే అల్యూమినియం పొర లేబుల్ కిందనే ఉంటుంది, దానికి అడ్డం వార్నిష్ లాంటి పల్చటి పూత, అంతే. కింద గీత పడితే పాలిష్ చెయ్యొచ్చు, పైన పొర లేచిపోతే చేసేదేం లేదు. డీవీడీకైతే ఆ పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. ఇన్నేళ్లూ సీడీని బోర్లా పెట్టకూడదని పిల్లల్ని తిట్టాను, పెన్ను మాత్రం నా చేతిలోనే ఉంది.

పేజ్‌మేకర్ సంగతి వేరే. సీడీలో రాత లోపలి నుంచి అంచు వైపు సాగుతుంది. నా డిస్క్ నిండా డేటా లేదు, గీత పడిన అంచున ఏమీ లేనే లేదు. అసలు దోషం మధ్యలో మబ్బులా పట్టిన వేలిముద్రల జిడ్డు. మెత్తటి గుడ్డకు కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి చేసి, మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడిచాడు. గుండ్రంగా తుడిస్తే పడే సన్నగీత రాత వెంటే పోయి వరసగా డేటాను మింగేస్తుందట, అడ్డంగా పడితే డ్రైవ్ సర్దుకుంటుంది. నేనెప్పుడూ చొక్కా అంచుతో గుండ్రంగానే రుద్దేవాణ్ని.

తర్వాత సీడీలు కాపీ తీసే ఇమ్‌జ్‌బర్న్ (ImgBurn) సాఫ్ట్‌వేర్‌లో రీడ్ పెట్టి, వేగం 8ఎక్స్‌కు తగ్గించాడు. చివరిదాకా ఒక్క ఎర్రర్ లేకుండా ఐఎస్‌ఓ, అంటే సీడీ మొత్తానికీ నకలైన ఒక్క ఫైలు, తయారైంది. మా షాపు డ్రైవ్‌ను కూడా మూటగట్టి తెచ్చాను, అదే సీడీ అందులో పెడితే తుడిచాక కూడా తడబడింది. అంటే మా డ్రైవ్‌లోనూ దోషం ఉంది, బహుశా లెన్స్ మీద దుమ్ము. రెండు డ్రైవ్‌లలో పెట్టి చూడకుండా డిస్క్‌ను తిట్టొద్దన్నాడు, ఆ మాటకే వంద రూపాయలు ఇవ్వొచ్చు. ఎక్స్‌పీ సీడీ బాగానే ఉంది. ప్రింటర్ సీడీ మీద చాయ్ మరక, నీళ్లతో పోయింది. ఆ డ్రైవర్ నెట్‌లో దొరుకుతుంది కాబట్టి దాన్ని తేవడమే నా తెలివితక్కువతనం.

ఇక నా సణుగుడు. చచ్చిన ఫాంట్ల సీడీకి కూడా పూర్తి వందా తీసుకున్నారు. పాలిష్ పట్టనని కుర్రాడు నిజాయితీగా చెప్పాడు గానీ, గల్లాలో కూర్చున్న పెద్దాయన మాత్రం 'చూసిన కూలి చూసినట్టే' అన్నాడు. ఏ డిస్క్‌లో ఎక్కడ ఎర్రర్ వచ్చిందో కాగితం మీద రాసివ్వరు. పెన్ డ్రైవ్‌లో మూడు ఫైళ్లు వేసిచ్చారు, 'ఒకటి', 'రెండు', 'మూడు' అని పేర్లు. పైగా ఎక్స్‌పీ అయితే ఐఎస్‌ఓ ఫైలును తనంతట తాను తెరవదు, ఆ సౌకర్యం విండోస్ 8 నుంచే. ఆ ముక్క అక్కడే చెప్పి ఉంటే రాత్రి తొమ్మిదింటికి వరంగల్‌లో కూర్చుని మా అబ్బాయికి ఫోన్లు చేసేవాణ్ని కాదు. 7-జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో విప్పితే సెటప్ నడిచింది.

ఐదుకు మూడున్నర ఇస్తాను, మూడు కుర్రాడికే. వెళ్తే ఆ కుర్రాడున్నప్పుడే వెళ్లండి, మీ డ్రైవ్ కూడా పట్టుకెళ్లండి.

పేజ్‌మేకర్ తిరుగుతోంది. తెలుగు అక్షరాల కోసం మాత్రం పాత బిల్లు వెతుక్కుని ఫాంట్ల డీలర్ చుట్టూ తిరుగుతున్నాను, అప్పటిదాకా శుభలేఖలు మా తమ్ముడి షాపులో కంపోజ్ అవుతున్నాయి.